వీఎంలో ఎక్కితే ల్యాప్‌టాప్‌లోనూ ఎక్కినట్టేనా?

"కొత్త ఓఎస్‌ను ముందు వర్చువల్ మెషీన్‌లో వేసి చూడండి. అక్కడ ఎక్కితే ల్యాప్‌టాప్‌లోనూ ఎక్కుతుంది. స్నాప్‌షాట్ ఉండగా బ్యాకప్ ఎందుకు?" ఈ సలహా బాగా తిరుగుతోంది. వర్చువల్ మెషీన్ (వీఎం) అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో దాని స్థితిని దాచి, మళ్లీ అక్కడికే వెనక్కి వెళ్లే వీలు. సలహాలో మొదటి వాక్యం వరకు పేచీ లేదు.

"అక్కడ ఎక్కితే ఇక్కడా ఎక్కుతుంది." వీఎంలో ఇన్‌స్టాలర్‌కు కనిపించేది మీ ల్యాప్‌టాప్ కాదు. వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో చాలా గెస్టులు (వీఎం లోపలి సిస్టమ్‌లు), సెట్టింగుల్లో ఈఎఫ్ఐ టిక్ పెట్టకపోతే, పాత బయోస్ పద్ధతిలోనే బూట్ అవుతాయి, అంటే మొదలవుతాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐవి (బయోస్ స్థానంలో వచ్చిన పద్ధతి; ఈఎఫ్ఐ అన్నా ఇదే). అంటే ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే తనిఖీ), బూట్ ఎంట్రీ (ఏది బూట్ చేయాలో చెప్పే నమోదు) పరీక్షకే రాలేదు. తీరా బెడిసికొట్టేది ఎక్కువగా అక్కడే. ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే ఆ టిక్ పెట్టండి. బయోస్‌లో ఎక్కించాక మారిస్తే ఆ సిస్టమ్ మామూలుగా బూట్ కాదు. విండోస్ 11 అయితే టీపీఎం 2.0 (భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కూడా ఇవ్వాలి. వర్చువల్‌బాక్స్‌లో టీపీఎం వచ్చింది 7.0 నుంచి.

డిస్క్ పేరు ఇంకో గొడవ. వీఎంకు డిస్క్‌ను సాటా పద్ధతిలో కలిపితే లినక్స్‌లో దాని పేరు ఎస్‌డీఏ (sda), వర్ట్‌ఐఓ పద్ధతిలో కలిపితే వీడీఏ (vda). ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పేరు వేరు. ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఎస్‌డీఏ అని రాసి ఉంటే, అదృష్టం బాగుంటే అది డిస్క్ దొరక్క ఆగిపోతుంది. లేకపోతే గుచ్చి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను తుడిచేస్తుంది.

"వైఫై కూడా పనిచేసింది." లేదు. హోస్ట్ (వీఎంను నడుపుతున్న అసలు కంప్యూటర్) వైఫై మీద ఉన్నా, గెస్ట్‌కు కనిపించేది వైరు కార్డు. గ్రాఫిక్స్, టచ్‌ప్యాడ్, స్లీప్ సంగతీ అంతే. వీటిని తేల్చేది లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే ఓఎస్‌ను నడిపే పెన్‌డ్రైవ్): ల్యాప్‌టాప్‌నే దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా, వైఫై కలిపి, మూత మూసి తెరిచి చూడండి.

"డ్యూయల్ బూట్ కూడా తేలిపోయింది." డ్యూయల్ బూట్ అంటే ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడం. ఖాళీ డిస్క్‌లో తేలేదేమీ లేదు. ఒకే వర్చువల్ డిస్క్ మీద ముందు విండోస్ వేసి, దాని పార్టిషన్ కుదించి, తర్వాత లినక్స్ వేస్తేనే అది రిహార్సల్. అసలు మెషీన్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి.

"స్నాప్‌షాట్ ఉంది." వీఎంలో ఉంది, ల్యాప్‌టాప్‌లో లేదు. వీఎంలోనైనా అది మార్పుల ఫైలే. మూల డిస్క్ ఫైలు పోతే పనికిరాదు. పార్టిషన్ల మీద చేయి వేసేముందు డేటాను బయటి డిస్క్‌కు కాపీ చేసి, వేరే కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, ఆ డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసి పక్కన పెట్టండి.