పాటకో పీరియడ్

పొద్దున్నే ఏదైనా ఊళ్లో హైస్కూలు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. గంట కొడతారు. పిల్లలు తరగతులవారీగా వరుస కడతారు. ముందుకొచ్చి ప్రార్థన పాడేది ముగ్గురో నలుగురో ఆడపిల్లలు. మిగతావాళ్లలో పెదవి కదిపేది కొందరే. కొన్నిచోట్ల ఆ నలుగురి పని కూడా స్పీకరే చేసేస్తోంది. ఫోన్‌లో పాట పెడితే అది పాడుతుంది, పిల్లలు చేతులు కట్టుకుని వింటారు. మన ప్రభుత్వ బడుల్లో చాలావాటిలో రోజు మొత్తమ్మీద సంగీతం అంటే ఆ అయిదు నిమిషాలే.

ఇలా ఉండాలని చట్టం చెప్పలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య, వ్యాయామ విద్య, పని విద్య నేర్పే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. పాఠ్యాంశం, సహపాఠ్యాంశం అంటూ మధ్యలో గోడ కట్టొద్దని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ప్రోగ్రెస్ కార్డులోనూ కళలకు, సాంస్కృతిక విద్యకు గడి ఉంది. నేర్పే మనిషే లేడు. అందుకని ఆ గడిలో గ్రేడు లెక్కల మాస్టారో సోషల్ టీచరో వేయాల్సి వస్తోంది. తప్పు వాళ్లది కాదు.

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక తరగతులకు సంగీతం టీచర్ పోస్టు ఉంటుంది. స్తోమత ఉన్న ఇంటి పిల్లలు సాయంత్రం ఫీజు కట్టి కీబోర్డో వయొలినో నేర్చుకుంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు శనాదివారాలు పిల్లల్ని సంగీతం క్లాసుకు తిప్పుతారు. ఎటూ కాకుండా మిగిలిపోతున్నది మండల పరిషత్, జిల్లా పరిషత్ బడి పిల్లలే. ఆ బడిలో దొరకని పాఠం వాళ్లకు ఇంకెక్కడా దొరకదు. మా బాధంతా వాళ్ల గురించే.

సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కొందరు చెబుతుంటారు. ఆ విషయంలో పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు, దాన్ని మేం ఆసరా చేసుకోదలచుకోలేదు. క్లాసులో ఏం జరుగుతుందో చూస్తే చాలు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం సరళీ స్వరాలు, అంటే సరిగమల వరసలు. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పడం, ఇంకోసారి దెబ్బ, తిప్పడం. ఆది తాళంలో ఇలా మొత్తం ఎనిమిది లెక్కలు. నలభై మంది కలిసి సరిగమలు పాడుతుంటే ఒకడు తొందరపడి ముందుకు పోతాడు, ఒకమ్మాయి వెనకబడుతుంది. టీచర్ ఆపి మళ్లీ మొదలుపెట్టిస్తారు. నాలుగోసారికి వాడు తన గొంతు తగ్గించి పక్కవాళ్లను వింటాడు. అప్పుడు తాళంలో పడతాడు. తర్వాత రెండో కాలం. చెయ్యి అదే వేగం, స్వరాలు రెట్టింపు. మూడో కాలంలో నాలుగింతలు. ఇక్కడ ఫస్ట్ ర్యాంకు ఎవరికీ రాదు, అందరూ కలిస్తేనే పాట వస్తుంది. పక్కవాడిని వినమని పిల్లలకు నేర్పే పీరియడ్ మన బడిలో ఇంకేది ఉంది?

మనది సంగీతం తెలియని నేలా కాదు. విజయనగరంలో సంగీత కళాశాల పెట్టింది 1919లో. సంస్థానంలోని ఒక ఉద్యోగి కొడుకు, చూపు లేని పిల్లవాడు, సంగీతం నేర్చుకుంటానని అడగడమే దానికి మూలమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పింది అక్కడే. పాట నేర్చుకోవాలని ఆ ఊరు చేరిన ఘంటసాల మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, చదువుకున్నారు. అంత కష్టం పడగలిగినవాడు కాబట్టి మనకు మిగిలారు. పడలేక ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు. అదే జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కొయ్యతో వీణలు చేస్తారు. వాటికి భౌగోళిక గుర్తింపూ ఉంది. మరి ఆ చుట్టుపక్కల బడుల్లో వీణ తీగ మీద ఒక్కసారి వేలు పెట్టిన పిల్లలు ఎందరు?

సంగీతం అంటే కర్ణాటకమొక్కటే అనుకుంటే మళ్లీ కొందరి పిల్లలకే పరిమితమవుతుంది. గుంటూరు జిల్లా బుర్రకథ షేక్ నాజర్‌ది, ప్రకాశం జిల్లా కరవది నాదస్వరం షేక్ చినమౌలానాది. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు, కోయ డోలు వాయించిన సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఒగ్గు కథ, డప్పు, జముకుల పాట తెలిసినవాళ్లు ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు. సొంత ఊరి బడిలో వారానికి రెండు పూటలు పాఠం చెప్పమని పిలవడానికి వాళ్లను బీఈడీ అడగనక్కర్లేదు. తాతల నుంచి వచ్చిన డప్పును దాచుకునే పిల్లవాడు, దాన్నే టీచర్ తరగతిలోకి పిలిపించి వాయించమంటే ఎలా నిటారుగా నిలబడతాడో ఆలోచించండి.

డబ్బు లేదన్న మాట వస్తుందని మాకు తెలుసు. మొదటి మెట్టుకు వాయిద్యాలే అక్కర్లేదు, గొంతు చాలు. హంగరీలో సంగీతకర్త జోల్తాన్ కొదాయ్ ఆ మాట మీదే నిలబడ్డారు. యుద్ధంలో చితికిపోయిన ఆ దేశంలోనే 1950లో కెచ్‌కెమేట్ పట్టణంలో పిల్లలు రోజూ పాడే ప్రాథమిక పాఠశాల మొదలైంది. మన దగ్గర విజయనగరం, విజయవాడ, హైదరాబాద్, వరంగల్ సంగీత కళాశాలల నుంచి సర్టిఫికెట్, డిప్లొమా చేసినవాళ్లు ఏటా బయటికొస్తున్నారు. వాళ్లలో చాలామందికి ట్యూషన్లే బతుకుతెరువు. ఒక్కో బడికి ఒక్కరు అక్కర్లేదు. పక్కపక్క నాలుగైదు బడులకు కలిపి ఒకరిని వేసినా పిల్లలకు పాట అందుతుంది, వాళ్లకు జీతం అందుతుంది.

ఇక సిలబస్ పూర్తి కాదన్న బెంగ. పదో తరగతి టెన్షన్ పదో తరగతికే ఉండనివ్వాలి. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల రోజుల్ని కూడా దానికి రాసిచ్చేయడం అన్యాయం. ఉన్న డ్రాయింగ్, సంగీతం పీరియడ్లను పరీక్షలు దగ్గరపడగానే మరో సబ్జెక్టుకు లాక్కోవడం ఆపాలి.

జూన్‌లో బడులు తెరిచిన వారంలో హెడ్మాస్టర్ గదిలో టైమ్‌టేబుల్ తయారవుతుంది. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈసారి ఆ కాగితంలో వారానికి రెండు పీరియడ్లు సంగీతానికి రాయించాలి. దాని ఎదురుగా నేర్పే మనిషి పేరు కూడా ఉండాలి.