పదివేలకు 30 శాతం పవరా? ముందు ట్యాపెట్లు చూడండి

తిరుపతి, చిత్తూరు బైకు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. 100–150 సీసీ బండి ఉండి చేతిలో పదివేలుంటే మొదట ఫ్రీ ఫ్లో సైలెన్సర్, తర్వాత ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, పెద్ద మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే రంధ్రం), ఇరిడియం ప్లగ్ వేయించాలట. డబ్బు మిగిలితే బోర్ కిట్, అంటే పెద్ద సిలిండరూ పిస్టనూ. పవర్ 30 శాతం పెరిగి తిరుమల ఘాట్ అవలీలగా ఎక్కేస్తుందట.

ముందు లెక్క చూద్దాం. 97.2 సీసీ స్ప్లెండర్ ఇచ్చేదే దాదాపు 8 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). దానికి 30 శాతం కలిపితే పదిన్నర. అంటే సైలెన్సరూ ఫిల్టరూ మార్చగానే వంద సీసీ బండి 125 సీసీ బండి అయిపోవాలి. అంత సులువైతే కంపెనీలు 125 ఇంజన్లు విడిగా ఎందుకు చేస్తున్నట్టు?

"సైలెన్సర్ మారిస్తే పికప్ వస్తుంది." వచ్చేది చప్పుడు. సైలెన్సర్ లోపలి గొట్టాల పొడవు, లావు ఊరికే పెట్టినవి కావు. ఏ ఆర్‌పీఎంలో లాగుడు కావాలో దాన్నిబట్టి కుదిర్చినవి. చప్పుడు తగ్గించే లోపలి బాఫిల్ పీకేస్తే పై ఆర్‌పీఎంలో కాస్తో కూస్తో కలిసిరావచ్చు గానీ, 3,000–5,000 మధ్య లాగుడు తగ్గడం మామూలే. ఘాట్‌లో మనకు కావాల్సింది సరిగ్గా అదే. అలిపిరి నుంచి కొండకు దారి సుమారు 18 కిలోమీటర్లు. 28 నిమిషాలకు ముందే పైకి చేరకూడదన్నది నిబంధన. సగటు వేగం గంటకు 39 కిలోమీటర్లు దాటకూడని దారిలో టాప్ ఎండ్ పవర్ ఏం చేసుకుంటాం? పైగా మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. మోత ఎక్కువైతే 190(2) కింద మరో 10,000 దాకా పడొచ్చు, మూణ్ణెల్లు లైసెన్సు పోవచ్చు.

"ఓపెన్ ఫిల్టర్, పెద్ద జెట్ కలిసి వేయాలి." బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో చాలావాటికి ఈ మాటే వర్తించదు, 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇంజెక్షన్‌వే, వాటిలో జెట్ లేదు. కార్బొరేటర్ బండికైతే ఇంకో చిక్కుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. కింద తిరుపతిలో సరిపోయిన పెట్రోలు పైన పల్చటి గాలిలో ఎక్కువైపోతుంది. కంపెనీ జెట్‌తోనే మిశ్రమం చిక్కబడే చోట పెద్ద జెట్ వేస్తే నల్ల పొగ, మసి పట్టిన ప్లగ్, మలుపుల్లో ముక్కుతూ ఎక్కే బండి. ఇక కోన్ ఫిల్టర్లలో నాసిరకంవి సన్నటి దుమ్మును ఆపలేవు. ఆ దుమ్ము ఆయిల్‌లో కలిసి పిస్టన్ రింగుల్నీ సిలిండర్ లోపలి గోడ(బోర్)నీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. కంపెనీ పేపర్ ఫిల్టర్ కొత్తది వేయండి, చాలు.

ఇరిడియం ప్లగ్ ఎక్కువకాలం మన్నుతుంది, అంతే. పాత ప్లగ్ బాగుంటే పవర్‌లో తేడా తెలియదు.

"మిగిలితే బోర్ కిట్." మిగిలిన డబ్బుతో చేసే పని కాదిది. పిస్టన్ బరువు మారితే క్రాంక్ బ్యాలెన్స్ మారుతుంది, బిగ్ ఎండ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, క్లచ్ స్లిప్ మొదలవుతుంది, వేడి ఎక్కువై మే నెల ఎండలో ఇంజన్ పట్టేయొచ్చు. రిపేరు కోసం లేత్ షాపులో 0.50 ఓవర్‌సైజ్‌కు బోరింగ్ చేయించడం వేరు: 50 మి.మీ. బోర్ 50.5 అయితే 97.2 సీసీ 99.1 అవుతుంది, రెండు శాతం. అది పవర్ కోసం కాదు, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) తిరిగి రావడానికి. నికాసిల్ అనే గట్టి పూత ఉన్న సిలిండరైతే మామూలు బోరింగ్ కుదరదు, బ్లాకే మార్చాలి.

మరి పదివేలు ఎక్కడ పెట్టాలి? నాలుగైదేళ్లు నడిచిన బండిలో పోయిన పవర్ తిరిగి తెచ్చుకోవడమే అన్నిటికంటే చవక. మొదట ట్యాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య ఉండే సన్నటి సందు. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ మీదే చూడాలి. ప్లగ్ విప్పి, మాగ్నెట్ తిప్పి, దాని మీది టీ గుర్తు (పిస్టన్ పైకొచ్చే చోటు) కలిశాక రాకర్లు రెండూ వదులుగా ఆడాలి. బిగుతుగా ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. సందు ఎంతన్నది మాన్యువల్లో ఉంటుంది, చిన్న బండ్లకు చాలావరకు 0.05–0.10 మి.మీ. మధ్య. సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, కాస్త పట్టుకుంటూ జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు సందు మారుతుంది కాబట్టి మళ్లీ కొలవాలి. చాలా షాపుల్లో గేజ్ తీయరు. టకటక చప్పుడు పోయేదాకా బిగించి పంపిస్తారు. కస్టమర్‌కు హాయిగా ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక టీస్పూన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే తప్పు రింగులదీ బోర్‌దీ, పెరక్కపోతే ఎక్కువగా వాల్వులది. హాఫ్ ఇంజన్ పని (ఇంజన్ పై భాగం విప్పి చేసే రిపేరు) తేలితే బడ్జెట్‌లో పెద్ద ముక్క దానికే పోతుంది, పోనివ్వండి. టాప్ గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరిగి వేగం పెరక్కపోతే క్లచ్ ప్లేట్లు మార్చాలి. కారు ఆయిల్ పోసినా ఇదే జరగొచ్చు; డబ్బా మీద బైకు క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా లాగుడు కావాలంటే, ముందువైపు స్ప్రాకెట్‌లో (ఇంజన్ దగ్గరి పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించండి. 14కు బదులు 13 వేస్తే వెనక చక్రం దగ్గర లాగుడు ప్రతి గేరులోనూ 7.7 శాతం పెరుగుతుంది. చెన్నై హైవేలో అదే వేగానికి ఇంజన్ అంత మేర ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. చైన్ అరిగి ఉంటే సెట్ మొత్తం మార్చాలి, లేకపోతే కొత్త పళ్లు తొందరగా పోతాయి. ఇంకా ఏమైనా మిగిలితే బ్రేక్ షూలు కొనండి, కొండ దిగాలి కదా.