నిషేధం పెడితే తాగుడు ఆగదు, అమ్మేవాడు మారతాడు

మద్యం మీద మళ్లీ సంపూర్ణ నిషేధం పెట్టాలని, గుట్కా అమ్మేవాణ్ణి లోపలేయాలని, సిగరెట్లు అసలు దొరక్కుండా చేయాలని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. నేను విజయవాడ కోర్టుల్లో ఎక్సైజ్ కేసులు చూసే లాయర్ని. తాగుడు ఎన్ని సంసారాలను నిలువునా కూల్చిందో నాకూ తెలుసు, ఆ కోపం నాకూ ఉంది. అయినా నిషేధం మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ చట్టం దెబ్బ చివరికి ఎవరి వీపు మీద పడుతుందో రోజూ ఫైళ్లలో చూస్తున్నాను కాబట్టి.

ఒక తాపీ మేస్త్రి కేసు చెబుతాను. మన దగ్గర రేట్లు మండిపోతున్న రోజుల్లో తెలంగాణలోని కోదాడ వైపు పనికి వెళ్లి, వచ్చేటప్పుడు బండి డిక్కీలో నాలుగైదు సీసాలు పెట్టుకొచ్చాడు. దారిలో పట్టుకున్నారు. సీసాలతోపాటు బండీ పోయింది. వారం తిరక్కుండా ఆయన భార్య నా దగ్గరికొచ్చింది. ఆమె అన్నది ఇదీ: "అమ్మా, తాగొచ్చి నన్ను చావబాదిన రోజున స్టేషన్‌కి పోతే, మొగుడూ పెళ్లాల గొడవ, ఇంటికెళ్లి సర్దుకోమన్నారు. ఇప్పుడు సీసాలు తెచ్చాడని బండి లాక్కున్నారు. ఆ బండి మీద పనికి పోతేనే గదమ్మా మా ఇంట్లో పొయ్యి వెలిగేది?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కొట్టినందుకు కేసు లేదు, కొనుక్కొచ్చినందుకు కేసు. బండి కోసం ఎక్సైజ్ ఆఫీసు చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాం. సీజ్ చేసిన బండ్లు పెట్టేచోటికి వెళ్తే, ట్యాంకు మీద పెయింటుతో క్రైమ్ నంబరు రాసి వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లు. టైర్లలో గాలి లేదు, సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చింది, చక్రాల మధ్య నుంచి పిచ్చిమొక్కలు లేచాయి. వాటిలో ఖరీదైన బండి ఒక్కటీ కనబడలేదు. అన్నీ కూలీనాలీ చేసుకునేవాళ్లవే.

ఆ పరిస్థితి ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. దశలవారీ నిషేధం హామీతో వచ్చిన ప్రభుత్వం 2019 అక్టోబరు నుంచి షాపులను తానే నడిపింది, సంఖ్య తగ్గించింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి షాపులు తెరిచినప్పుడు రెండు రోజుల్లోనే ధరలు మొత్తం 75 శాతం పెంచింది. రేటు పెరిగితే తాగుడు తగ్గుతుందన్నారు. కొందరు తగ్గించే ఉంటారు, కాదనను. కానీ జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. అక్కడ అదే సీసా చాలా తక్కువకు దొరుకుతుంటే మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారా? మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. అక్టోబరులో ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసింది. నిన్నటిదాకా తప్పు కానిది తెల్లారేసరికి నేరమైంది. ఎన్ని సీసాలు తప్పు, ఎన్ని కాదు అన్న సంగతి మేస్త్రికి ఎవరు చెబుతారు? గెజిట్ చదివి బండి ఎక్కడు గదా!

దీనికన్నా ఘోరం ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది. 2020 జూలై చివర్లో, కరోనా వల్ల అక్కడ షాపులు మూసి ఉన్నప్పుడు, మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. బిచ్చమెత్తుకునేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు కూడా వారిలో ఉన్నారు. అలవాటుపడ్డ శరీరానికి మందు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనిపోనివి కనిపిస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఆ ఏడాది లాక్‌డౌన్ మొదట్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు ఇలాంటివాళ్లే బారులు తీరారు. ఇది జబ్బు. షాపుకు తాళం వేస్తే జబ్బు నయం కాదు. కొన్ని వారాలకు మన ప్రభుత్వమే చౌక రకాల ధరలు తగ్గించింది. జనం శానిటైజర్, మిథైల్ ఆల్కహాల్ తాగుతున్నారని ఆ ఉత్తర్వుకు కారణం చూపింది. ఇంతమంది పోయాక తెలిసొచ్చిన సంగతి అది.

నాటుసారా కాసేవాడికి లైసెన్సు లేదు, లేబుల్ లేదు, శాంపిల్ తీసి పరీక్ష చేసే అధికారి లేడు. బెల్లం ఊటలో ఏం కలిపాడో వాడికే తెలియాలి. మిథనాల్ కలిసిందంటే, అది ఒంట్లో ఫార్మిక్ యాసిడ్‌గా మారి ముందు కంటినరాన్ని తినేస్తుంది. షాపులో కొన్నది చెడిపోతే సీసా పట్టుకుని అడగొచ్చు, బ్యాచ్ నంబరు మీద కేసు వేయొచ్చు. సారా బట్టీ వాడి మీద ఏ రసీదుతో కేసు వేస్తాం?

దూబగుంట ఉద్యమం సంగతేమిటని అడుగుతారు. అడగాలి కూడా. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చేసిన ఆ పోరాటమంటే నాకు అపారమైన గౌరవం. కానీ వాళ్ల కోపం ఎక్కడ పుట్టిందో చూడండి. అంతకుముందు 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. చదువు చెప్పే బడి లేని ఊళ్లో కూడా సారా ప్యాకెట్ దొరికింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే ఆ ప్యాకెట్ లాక్కుంటోందని వాళ్లు తిరగబడ్డారు. మా గుమ్మం ముందుకు తేవద్దన్నది వాళ్ల మొదటి డిమాండ్, నూటికి నూరుపాళ్లు న్యాయమైన డిమాండ్. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. దాన్ని నాయకులు సంపూర్ణ నిషేధం దాకా లాగి ఓట్లు అడిగారు. 1994 డిసెంబరులో ప్రమాణస్వీకారం చేసిన చోటే ఎన్టీఆర్ ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలైంది, 1997లో ఎత్తేశారు. ఎత్తేశాక ఆడవాళ్లకు ఏం మిగిలింది? కొన్నాళ్లకు ఊరూరా బెల్టు షాపులు. కిరాణా కొట్లో, ఫ్రిజ్ వెనక, ఇరవై నాలుగు గంటలూ అమ్మకం. వాళ్లు వద్దన్నది మళ్లీ వాళ్ల వీధిలోకే వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1954 నవంబరులో మన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది కూడా మద్య నిషేధం గొడవ మీదే, ఒకే ఒక్క ఓటు తేడాతో. నిషేధం వద్దని అప్పటికే రామమూర్తి కమిటీ చెప్పింది. కేసుల పాలై నలిగిపోతున్నది గీత కార్మికులు. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న పోరాడారు. డెబ్బై ఏళ్ల కిందట చెట్టెక్కి కల్లు గీసేవాడు, ఇప్పుడు తాపీ పట్టేవాడు.

నిషేధంలో ఇంకో చిక్కుంది. దొంగతనంగా తేవాలంటే బీరు కేసులు ఎవడూ మోయడు. తక్కువ చోటులో ఎక్కువ కిక్కు ఇచ్చే సరుకే తెస్తాడు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నిషేధం ఉన్నప్పుడు ఇదే జరిగింది. బీరు తాగేవాళ్లు ఘాటు సారాకు మళ్లారు. గంజాయి సంగతీ అంతే. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక కూడా అది పోలేదు. ఏజెన్సీ నుంచి మూటలు తెస్తే దొరికిపోతున్నారని ఇప్పుడు దాన్ని లిక్విడ్ చేసి చిన్న సీసాల్లో తెస్తున్నారు. మూటకన్నా సీసా ప్రమాదం. అది కాలేజీ పిల్లల జేబులో పడుతుంది.

2021 డిసెంబరులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణగారు మన సిద్ధార్థ లా కాలేజీ కార్యక్రమంలో మాట్లాడుతూ, ముందుచూపు లేకుండా చేసిన చట్టానికి ఉదాహరణగా బీహార్ మద్య నిషేధ చట్టాన్నే చూపించారు. బెయిల్ పిటిషన్లతో పాట్నా హైకోర్టు నిండిపోయిందని చెప్పారు. ఏడాది తర్వాత అదే బీహార్‌లో సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో చనిపోయారు. అప్పటికి అక్కడ నిషేధం పెట్టి ఆరేళ్లు దాటింది.

గుట్కా నిషేధం గురించి ఎక్కువ చెప్పను, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఒకసారి నడిచి చూడండి చాలు. ఆహార భద్రత చట్టం కింద ఆ నిషేధం ఒక ఏడాదికే చెల్లుతుంది కాబట్టి ఏటా కొత్త ఉత్తర్వు ఇస్తూ పోవాలి. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, నోట్లో వేసుకునేవాడే కలుపుకుంటాడు. దొంగచాటు సరుకు కాబట్టి రేటు మాత్రం అమ్మేవాడి ఇష్టం. ఎండలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీ జేబుకు చిల్లు, నోటికి పుండు.

అలాగని చేతులెత్తేయమనడం లేదు. నిషేధం లేకుండానే పొగాకు వాడకం తగ్గింది. దేశంలో పెద్దవాళ్లలో పొగాకు వాడేవాళ్లు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉంటే 2016-17 నాటికి 28.6కు దిగారు. ఆ మధ్యలో బహిరంగ చోట్ల పొగ తాగడంపై నిబంధనలు, పెట్టె మీద పుండు బొమ్మ, పన్నులు, ప్రచారం ఉన్నాయి. ఓపిగ్గా చేసిన పని ఫలితం ఇచ్చింది.

మద్యం విషయంలోనూ అలాంటి పనే కావాలి. బెల్టు షాపు నడిపేవాడి మీద, వాడికి సరుకు పంపే లైసెన్సు షాపు మీద కేసు పెట్టండి. సొంతానికి రెండు సీసాలు ఎక్కువ తెచ్చుకున్నవాడి బండి వదిలేయండి, జరిమానా వేసి పంపండి. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి మాత్రం సర్దుకోమని పంపకండి. ప్రతి ఏరియా ఆస్పత్రిలోనూ మానాలనుకునేవాడికి మందులు, పడక ఉండాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలో దీనికి ఎంత ఖర్చుపెట్టారో ఏటా లెక్క చెప్పాలి.

మీ వీధిలో బెల్టు షాపు ఉంటే, ఫొటో, చిరునామా, అమ్మే వేళలు రాసుకుని పదిమంది ఆడవాళ్లు కలిసి రండి. కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీ నేను రాసిపెడతాను, ఫీజు అక్కర్లేదు. ఆ తర్వాత పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేద్దాం.