క్రియాటినిన్ ఎంతని అడుగుతారు, కాళ్ళ సంగతి అడగరు

మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ప్రాంతం. ఇక్కడ చదువు రానివాళ్ళు కూడా తమ క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె, ఎంతో టక్కున చెప్పేస్తారు. నా బాధంతా ఆ అంకెతోనే. అంకె చూసి ఫైలు మూసేస్తారు.

డయాలసిస్‌కి ముందు ఏడాదంతా మా నాన్న రాత్రిళ్ళు మంచం మీద ఉండలేదు. కాళ్ళలో చీమలు పాకుతున్నాయని లేచి వాకిట్లో తిరిగేవాడు. నడిస్తే తగ్గేది, పడుకుంటే మళ్ళీ మొదలు. అరికాళ్ళ మంటకి తడిగుడ్డ చుట్టుకునేవాడు. పగలంతా మగత, ఊరికే చిరాకు, మాట మధ్యలో మతిమరుపు. "నువ్వు పడుకోవు, మమ్మల్ని పడుకోనివ్వవు" అని కసిరాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

రక్తంలో పేరుకున్న విషాలు నరాలను పట్టుకున్నాయని మాకెవరూ చెప్పలేదు. విషమంటే యూరియా ఒక్కటే అనుకుంటాం. మనం తిన్న మాంసకృత్తుల్ని పేగుల్లో బాక్టీరియా విరగ్గొట్టినప్పుడు పుట్టేవాటి నుంచి ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్ అనే విషాలు తయారవుతాయి. గ్వానిడిన్ జాతి విషాలు మెదడు కణాలను రెచ్చగొడతాయి. పొటాషియం పెరిగితే నరంలో కరెంటే తేడా చేస్తుంది. ముందు పాదాలే ఎందుకంటే, నడుం దగ్గరి కణం నుంచి కాలివేలి దాకా సుమారు మీటరు పొడవున ఒకటే తీగ. దాన్ని పోషించే శక్తి తగ్గితే ముందు ఎండేది కొసే.

ఒకరోజు డాక్టరమ్మ చేతులు చాచి మణికట్లు పైకెత్తమంది. నాన్న అరచేతులు రెక్కల్లా టపటపలాడాయి. విషాలు మెదడు దాకా చేరాయనడానికి అదొక గుర్తు. ఆ పరీక్షకి మిషనూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. అంతకుముందు ఏడాదిలో ఒక్కరూ చూడలేదు!

డయాలసిస్ మొదలయ్యాక ఆ ఊపూ మగతా పోయాయి. తిమ్మిర్లు పోలేదు. ఇండాక్సిల్ సల్ఫేట్ లాంటివి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని అంటుకుని ఉంటాయి, డయాలసిస్ ఫిల్టరు వాటిని సరిగ్గా లాగలేదు. పైగా వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు, అంటే 168 గంటల్లో 12.

ఇంకో మాట. తిమ్మిర్లకని మందుల షాపులో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అడిగి తెచ్చి వేయకండి. అవి బయటికి పోయేది కిడ్నీల గుండానే. పనిచేయని కిడ్నీలకు మామూలు మోతాదు ఇస్తే మనిషి మత్తులో మునిగిపోతాడు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషం. అక్కడైనా, ఇంకెక్కడైనా డయాలసిస్ చేసే అన్నలకీ అక్కలకీ నాది ఒకటే విన్నపం. మనిషి నాలుగు గంటలు మీ ఎదురుగానే పడుకుని ఉంటాడు. రాత్రి కాళ్ళు నిద్రపోనిచ్చాయా అని అడగండి. ఒక్క నిమిషం దుప్పటి జరిపి ఆ పాదాలు ముట్టుకుని చూడండి.