ముప్పై ఏళ్ల ప్రశ్నకు మూడేళ్ల ప్రాజెక్టా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఓ తెల్లవారుజామున ఆరోగ్య సర్వే జరుగుతుంటే పక్కనే నిలబడి విన్నాను. ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి ‘ఏమైనా వ్యాయామం చేస్తారా అమ్మా?’ అని అడిగింది. చేపలు అమ్మే ఆమె తల మీద చుట్టకుదురు సర్దుకుంటూ ‘ఏటమ్మా, మాకు అయ్యన్నీ ఎక్కడ కుదురుతాయి?’ అంది. అమ్మాయి ‘లేదు’ నొక్కేసింది. వెంటనే ఆమె ఇంకొకావిడ సాయంతో గంప తలకెత్తుకుని ఆటో వైపు నడిచింది. ఆ గంప ఇరవై కిలోలకు తక్కువ ఉండదు.

నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు, ఆ ప్రశ్న రాసిచ్చినవాళ్ల మీదే. రోజంతా బరువులు మోసే మనిషి వాళ్ల లెక్కలో ఒళ్లు కదపని మనిషి అయిపోయింది. ఈ తేడా పట్టుకోవాలంటే వ్యాయామం, పోషకాహారం, స్త్రీల ఆరోగ్యం మూడూ కలిపి చదువుకున్నవాళ్లు కావాలి. అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లు కాదు, ఉద్యోగంలో చేరి ఆ పనిలోనే తల నెరిసేవాళ్లు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆ ఉద్యోగాలు ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ?

అంకెలు మీరు చూసినవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. అదే సర్వేలో 36 శాతం మందిది అధిక బరువు. ఒక్కోసారి రెండూ ఒకే మనిషికి ఉంటాయి. ఆమెకు ‘బాగా తినమ్మా’ అని చెప్పాలా, ‘తగ్గించమ్మా’ అని చెప్పాలా?

నన్ను కుదురుగా ఉండనివ్వని అంకె వేరే ఉంది. ఆ సర్వేలోనే, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే. 15-49 ఏళ్లవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, ఇక్కడ సుమారు తొమ్మిది మంది. చాలామందికి ముప్పైల్లోనే ఆపరేషన్ అయిపోతోంది. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ ముందే వచ్చే అవకాశం ఉంది. ముప్పై నాలుగేళ్లకే ఆ స్థితికి వచ్చిన కూలి మనిషి ఎంత బరువు మోస్తే ఎముకకు మేలు, ఎంత మోస్తే నడుం విరుగుతుంది? సాయంత్రం ఆమె కంచంలో ఏం ఉండాలి? విదేశాల్లో రాసిన పాఠ్యపుస్తకం దీనికి జవాబు చెప్పదు, అక్కడ ఆ వయసులో ఆ ఆపరేషన్ అరుదు. అసలు అక్కడి లెక్క కూడా గొప్పగా ఏమీ లేదు. ఆరు స్పోర్ట్స్ సైన్స్ జర్నళ్లలో 2014-20 మధ్య వచ్చిన ఐదు వేలకు పైగా పరిశోధన పత్రాలను లెక్కేస్తే, కేవలం స్త్రీల మీద చేసినవి 6 శాతం. చోడి అంబలి తాగి గంపెత్తే మనిషి ఆ 6 శాతంలో ఎక్కడుంటుంది?

మా పిన్ని సంగతి చెబుతాను. రోజూ బీచ్ రోడ్డులో గంట నడిచొచ్చి, వేడివేడి టీతో ఐరన్ మాత్ర మింగుతుంది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటుంది. గట్టిగా వ్యాయామం చేశాక కొన్ని గంటలపాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగుల నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే దారిని బిగిస్తుంది. పిన్ని నడకకు అది ఎంత పెరుగుతుంది? పొద్దున్నే గ్యాస్ మాత్ర కూడా వేసుకునే మనిషి ఐరన్ మాత్ర ఏ పూట వేసుకోవాలి? చీటీ రాసిచ్చిన డాక్టరుకు ఇవన్నీ అడిగే తీరిక లేదు. పిన్ని టీ కప్పులోనే నాలుగైదు పీహెచ్‌డీలున్నాయి.

‘హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉందిగా, ఇక్కడ ఇంకోటి ఎందుకు? చివరికి చెప్పేది ఆకుకూరలు తిను, నడువు అనేగా?’ అంటారు. 1928లో లూసీ విల్స్ అనే ఆవిడ బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికులు రక్తం లేక ఎందుకు చచ్చిపోతున్నారో చూడటానికి వాళ్లు తినే తిండి దగ్గర మొదలుపెట్టింది. అక్కడ దొరికిన కొస తర్వాత, ఇప్పుడు గర్భిణులకు మాత్రగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ దాకా వెళ్లింది. 1940లలో దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు. వంటింటి ప్రశ్న అని తీసిపారేస్తే ఆ మాత్ర ఉండేదా?

ఆ హైదరాబాద్ సంస్థే నా సాక్షి కూడా. 1987-90లో దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, పసివాళ్లకు అదనపు ఆహారం ఇచ్చిన ఊళ్లను, ఇవ్వని ఊళ్లను పోల్చారు. దాదాపు పదిహేనేళ్లకు ఆ పిల్లల్ని మళ్లీ వెతికి పట్టుకుంటే, ఆహారం అందినవాళ్లు కాస్త పొడవుగా ఉన్నారు, వాళ్ల రక్తనాళాల్లో బిరుసు తక్కువ. 1990లోనే ఫైలు మూసేసి ఉంటే ఇదేమీ తెలిసేది కాదు. అమెరికాలో 1976లో లక్షా ఇరవై వేల మంది నర్సులతో మొదలుపెట్టిన అధ్యయనం దశాబ్దాల పాటు నడిచింది. ఆడమనిషి శరీరం పదమూడేళ్లకు ఒకటి, కాన్పు తర్వాత ఒకటి, యాభైకి మరొకటి. ఆమె వెంట నడవాలంటే పరిశోధకురాలికీ అన్నేళ్ల ఉద్యోగం ఉండాలి.

మనం ఇస్తున్నది ఏమిటి? కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ, పదకొండు నెలల జీతం. ఈ జబ్బు ఒక్క పోషకాహారానిది కాదు, తెలుగు నుంచి భూగర్భశాస్త్రం దాకా అన్ని శాఖలదీ అదే కథ. బెంచీలు, బోర్డులు, గేటు దగ్గర ఆర్చీ మిగిలితే యూనివర్సిటీ మిగిలినట్టేనని మన పాలకుల లెక్క. డేటా సెంటర్ వస్తోందని ఊరంతా మురిసిపోతున్నాం. ఇక్కడి ఆడవాళ్ల ఎముకల డేటా మాత్రం ఎవరికీ అక్కర్లేదు. బిడ్డకు పాలిచ్చే తల్లి ఎంత నడుస్తుంది, ఏం తింటుంది అని రాసుకుంటూ కూర్చునే మనిషికి పర్మనెంట్ పోస్టు ఎందుకు అనే మంత్రులూ అధికారులూ రెండు పార్టీల హయాంలోనూ తగిలారు నాకు.

నా స్నేహితురాలు సరిగ్గా అదే పని చేసింది, మూడేళ్లు. భీమిలి వైపు పల్లెల్లో బాలింతల ఇళ్లకు తూకం, టేపు, కొలత గిన్నెలు మోసుకుని తిరిగింది. ఫెలోషిప్ అయిపోయింది, పోస్టు రాలేదు. ఇప్పుడు ఓ జిమ్‌లో డైట్ చార్టులు రాస్తూ ప్రొటీన్ పౌడర్ డబ్బాలు అమ్ముతోంది. ఆ నోటు పుస్తకాలు ఆమె ఇంట్లో అటక మీద సూట్‌కేసులో ఉన్నాయి. అప్పటి బాలింతల్లో ఒకామె మొన్న ఫోన్ చేసిందట, ‘మేడమ్, మోకాళ్లు నొప్పులు మొదలయ్యాయి, మళ్లీ కొలతలకి ఎప్పుడొస్తారు?’ అని.