ఎండాకాలం, గుర్రం, ఒక వాట్సాప్ మెసేజ్

ఉగాది వెళ్ళిందో లేదో ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. పోయినేడు తిరిగిందే, ఈసారి పైన ఎర్రగా ‘అర్జంట్’ అని తగిలించారు, అంతే తేడా. ఈ వారంలో నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. వాటిలో ఒకటి మా అపార్ట్‌మెంట్ గ్రూపు, అక్కడ నేను తప్ప గుర్రం జోలికి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. అయినా అందరూ దండాలు పెట్టి ‘చాలా ఉపయోగం సార్’ అన్నారు.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది ఇదీ: వేసవిలో స్వారీ పూర్తిగా బంద్ చేయాలి, గుర్రాన్ని లాయంలోంచి బయటికే తీయొద్దు. పని చేసి వచ్చిన గుర్రానికి గంటసేపు నీళ్ళు ఇవ్వొద్దు, కడుపునొప్పితో చచ్చిపోతుంది. ఒంటి మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేసి గుండె ఆగుతుంది, తడి గోనెపట్టా కప్పితే చాలు. చెమట కనిపించకపోతే గుర్రం చల్లగా ఉన్నట్టు. మార్వాడీ గుర్రానికి ఎండ లెక్కలేదు, రేసు గుర్రాల జాతి థరోబ్రెడ్ తట్టుకోలేదు. ఉలవలు, ఉప్పు రెండూ మానేయాలి. కింద ‘ముప్ఫై ఏళ్ళ అనుభవం గల గుర్రాల డాక్టరు’ అని ఉంది. పేరు లేదు, ఊరు లేదు.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్ శివార్లలో తొమ్మిదేళ్ళుగా స్వారీ చేస్తున్నాను, రేసుల నుంచి రిటైరైన ఒక ఆడగుర్రం ఆరేళ్ళుగా నా చేతుల్లో ఉంది. ఈ మెసేజ్‌లో కొన్ని ముక్కలు ఒకప్పుడు నేనూ నమ్మి పాటించినవే, అందుకే ఇంత మంట.

‘స్వారీ పూర్తిగా బంద్.’

మిట్టమధ్యాహ్నం ఎవరూ గుర్రం ఎక్కకూడదు, అక్కడిదాకా వాదనే లేదు. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించకూడదని. స్వారీ గుర్రాల కోసం రాసింది కాదు నిజమే, కానీ ఎండ బండి గుర్రానికొక రకంగా, క్లబ్బు గుర్రానికొక రకంగా తగలదు కదా. (నాలుగింటికి తారు రోడ్డు మీద పెళ్ళి గుర్రాన్ని నిలబెట్టి డీజే మోగించేవాళ్ళకి మాత్రం ఈ మెసేజ్ ఎవరూ పంపరు.)

అయితే రోజంటే మధ్యాహ్నం ఒక్కటే కాదు. మే నెలలో హైదరాబాద్‌లో 5:45 ప్రాంతంలో తెల్లారుతుంది, రోజు మొత్తంలో కాస్త చల్లగా ఉండేది దానికి ముందే. మేము ఐదుంపావుకి జీను వేసి ఐదున్నరకి మైదానంలో ఉంటాం. పది నిమిషాలు నడక, తర్వాత ఐదేసి నిమిషాలు ట్రాట్ (చిన్న పరుగు), మధ్యలో మళ్ళీ నడక, గుర్రం హుషారుగా ఉంటే ఒకటి రెండు రౌండ్లు క్యాంటర్ (దానికంటే వేగంగా దౌడు), చివర్లో మళ్ళీ నడక, మొత్తం నలభై నిమిషాలు. ఏడయ్యేసరికి దానికి ఒళ్ళు కడిగి నీడలో కట్టేస్తాం. సాయంత్రం కూడా చేయొచ్చు గానీ నాకు నచ్చదు, ఆరున్నరకి ఎండ తగ్గినా నేల ఇంకా పొయ్యి మీంచి దించిన పెనంలానే ఉంటుంది. రాత్రంతా ఉక్కపోసి తెల్లవారుజామున కూడా 30 దిగని రోజున జీను ముట్టుకోం, చేత్తో పట్టుకుని పావుగంట నడిపించి వదిలేస్తాం.

జంపింగ్ మాత్రం ఏప్రిల్ నుంచి బంద్. కారణం ఎండ కాదు, నేల. వాన లేక ఎండిన మొరం నేల సిమెంటు గచ్చులా తయారవుతుంది, దాని మీద దూకిస్తే ఆ అదురంతా ముంగాళ్ళ కీళ్ళకీ డెక్కలకీ తగులుతుంది. ట్యాంకరు తెప్పించి నీళ్ళు చల్లిస్తే దుమ్ము అణుగుతుంది, పైపొర కాస్త మెత్తబడుతుంది, కింద గట్టితనం అలాగే ఉంటుంది. అంత పొడుగు మెసేజ్‌లో నేల గురించి ఒక్క మాట లేదు.

ఇక ‘బయటికే తీయొద్దు’ అన్న మాట. రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి, బయట వేపచెట్టు కింద ఎంత నయమో తెలుస్తుంది. గుర్రం రోజంతా కదులుతూ మేస్తూ ఉండాల్సిన జంతువు, కదలిక తగ్గితే పేగులు కూడా మందగిస్తాయి. నీళ్ళు చాలకపోతే లోపల మేత గడ్డకట్టి కూర్చుంటుంది. కడుపునొప్పి అని భయపెట్టేవాళ్ళే కట్టేయమంటున్నారు, కట్టేస్తే వచ్చేదే అది.

అసలు భయపడాల్సిన రోజులు మెసేజ్ రాసినాయనకి తట్టనే లేదు. మార్చి నుంచి కట్టేసిన గుర్రాన్ని మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే ‘చల్లబడింది’ అని బయటికి తీస్తారు చూడండి, అప్పుడు. ఏప్రిల్ ఎండ పొడి ఎండ, చెమట పట్టింది పట్టినట్టే ఆవిరై ఒంటి వేడిని పట్టుకుపోతుంది. జూన్‌లో థర్మామీటరు తక్కువే చూపిస్తుంది గానీ గాలి నిండా తేమ, చెమట ఆరదు, ధారగా కారి నేల పాలవుతుంది, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. పైగా మీరెక్కింది మూడు నెలలుగా కదలని, వేడికి అలవాటే లేని గుర్రాన్ని. కొద్దికొద్దిగా పని చేయిస్తూ పోతే రెండు వారాల్లో ఒళ్ళు వేడికి సర్దుకుంటుంది, ఆ సర్దుబాటు కట్టేసి ఉంచితే రాదు. విజయవాడ, విశాఖ వైపు ఈ ఉక్క వేసవంతా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళు నేను చెప్పిన నిమిషాలు ఇంకా తగ్గించుకోవాలి.

‘గంటసేపు నీళ్ళు ఇవ్వొద్దు.’

ఇది నేను పాటించాను. నా మొదటి వేసవి, అప్పుడు నేను వెళ్ళే రైడింగ్ స్కూల్లో అదే రూలు. గుర్రాన్ని గుంజకి కట్టి, బకెట్టు దానికి అందనంత దూరంలో పెట్టేవాళ్ళు. ముక్కుపుటాలు ఎగరేస్తూ, పెదాలు చప్పరిస్తూ ఆ బకెట్టు వైపే చూసేది పాపం. నేను జాలిపడి బకెట్టు జరపబోతే, అక్కడ సైసుగా, అంటే గుర్రాల ఆలనాపాలనా చూసేవాడిగా ఉన్న చాచా ‘ఆగు బేటా, ఊపిరి తగ్గనీ’ అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. మంచి మనిషి, వాళ్ళ నాన్న చెప్పింది తను చెప్పేవాడు. గంట తర్వాత బకెట్టు పెడితే రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకునేది, మేము సరేలే, దాహం తీరింది అనుకునేవాళ్ళం. మే మూడో వారంలో ఒకరోజు పేడ వేయలేదు, కాలితో నేల గీరుతూ వెనక్కి తిరిగి పొట్ట వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. వెట్ (పశువుల డాక్టరు) వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నీళ్ళు, నూనె లోపలికి పంపి, తెల్లవార్లూ మేము నడిపిస్తూ కూర్చుంటే గానీ గండం గడవలేదు. కారణం అదొక్కటే అని నేను ఒట్టేసి చెప్పలేను, కానీ ఆ వెట్ మొదట అడిగిన ప్రశ్న ‘రోజుకి ఎన్ని లీటర్లు తాగుతోంది?’ అని, మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

గంటాగితే ఎందుకు తాగదంటే, గుర్రం చెమట మన చెమటలాంటిది కాదు. మనకి నీళ్ళు ఎక్కువ, ఉప్పు తక్కువ పోతుంది, రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమటలో ఉప్పు రక్తంలో ఉన్నంత, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. నీళ్ళూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి ఒంట్లో నీళ్ళు తగ్గినా మెదడుకి కబురు సరిగ్గా అందదు. పని దిగిన వెంటనే నోరెండి ఉన్నప్పుడు తాగుతానంటే తాగనివ్వాలి, అంతే. చల్లటివే గానీ ఐసు నీళ్ళు కాకుండా చూసుకుంటే ఇంకా బాగా తాగుతుంది. మామూలు రోజుల్లో ముప్ఫై లీటర్లు తాగేది వేసవిలో పని ఉంటే యాభై దాటేస్తుంది. బకెట్టు మీద గీతలు గీసుకుని రాసుకోండి, ఆ కాగితం ఏదో ఒకరోజు పనికొస్తుంది.

‘ఉప్పు మానేయాలి’ అన్నదానికి జవాబు కూడా ఇక్కడే వచ్చేసింది. పోయిన ఉప్పు తిరిగి ఒంట్లో పడితేనే దాహం వేస్తుంది. మేము దాణాలో రోజుకి 30 నుంచి 50 గ్రాములు మామూలు ఉప్పు కలుపుతాం, నాకడానికి రాతి ఉప్పు గడ్డ ఒకటి వేలాడదీస్తాం, నీళ్ళు మాత్రం ఎప్పుడూ పక్కనే ఉండాలి. ఉలవల విషయంలో మెసేజ్‌ది పూర్తి తప్పు కాదు. మన ఇళ్ళలో ఉలవచారు వేడి చేస్తుందంటారే, గుర్రం విషయంలో దాని వెనక కొంత సంగతి ఉంది, మాంసకృత్తులు ఎక్కువైతే వాటిని కరిగించడంలో ఒంట్లో వేడి పుడుతుంది, మూత్రం పెరిగి నీళ్ళు ఇంకా కావాలి. పని తగ్గింది కాబట్టి దాణా కూడా తగ్గించండి, ఉన్నదాన్ని తెల్లవారుజామున, రాత్రి పెట్టండి. ఎండుగడ్డి నీళ్ళలో తడిపి వేస్తే దుమ్మూ పోతుంది, కడుపులోకి నాలుగు నీళ్ళూ వెళ్తాయి.

‘చన్నీళ్ళు పోస్తే గుండె ఆగుతుంది.’

ఇది ఈ మెసేజ్‌తో పుట్టింది కాదు, ప్రపంచమంతా గుర్రాలవాళ్ళలో ఉన్న భయమే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ అక్కడి వేసవి ఉక్కలో జరగబోతున్నాయని ముందే తెలిసి, గుర్రాలు ఏమైపోతాయోనన్న బెంగతో పరిశోధకులు దీన్ని గట్టిగా పరీక్షించారు. బాగా పరుగెత్తించి, ఒళ్ళు కాలిపోతున్న గుర్రాల మీద చల్లటి నీళ్ళు పోసి చూశారు. కండరాలు పట్టేయలేదు, గుండెలు ఆగలేదు, నీళ్ళు పోయనివాటికంటే పోసినవే త్వరగా తేరుకున్నాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీని (మైదానంలో అడ్డంకులు దూకుతూ సాగే పరుగు) పొద్దున్నే పెట్టి, పరుగు ముగించిన గుర్రాలని ఐసు నీళ్ళతోనే చల్లబరిచారు. బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా 23వ స్థానంలో నిలిచింది ఈ క్రాస్‌కంట్రీ ఒక భాగంగా ఉన్న ఈవెంటింగ్ పోటీలోనే.

ఎందుకు పోయాలో మీ చేత్తోనే తెలుసుకోవచ్చు. గుర్రం భుజం మీద మగ్గు నీళ్ళు పోసి, పొట్ట కింద అరచెయ్యి పట్టండి. పైన చల్లగా పోసినవి కిందికి గోరువెచ్చగా వస్తాయి. ఆ వెచ్చదనమంతా గుర్రంలోంచి బయటికొచ్చిన వేడే. కాబట్టి ఒక మగ్గు పోసి ఆగిపోకుండా మెడ, భుజాలు, తొడల మీద పోస్తూనే ఉండండి, కింద చేతికి చల్లగా తగిలేదాకా. ఒకవేళ పగలు పోయాల్సివస్తే పైపులో నిలిచిన నీళ్ళు ముందు నేల మీదికి వదిలేయండి, అవి కాగిన నీళ్ళకి తక్కువేమీ ఉండవు. థర్మామీటరు ఒకటి లాయంలో ఉంచుకోండి. గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల (సెల్సియస్) మధ్య ఉంటుంది, పని చేసి వస్తే పెరగడం సహజం. 40 దాటితే మిగతా పనులన్నీ ఆపి నీళ్ళ మీదే ఉండండి, నీళ్ళు పోస్తున్నా దిగకుండా 41 వైపు పోతుంటే ఫోను తీసి వెట్‌కి కొట్టండి.

తడి గోనెపట్టా అన్నారే, అది కప్పిన కాసేపటికే ఒంటి వేడికి వెచ్చబడి, గాలి తగలనివ్వకుండా చెమటని లోపలే ఆపి కూర్చుంటుంది. ఇడ్లీ పాత్ర మీద తడిగుడ్డ వేసినట్టు.

‘చెమట కనిపించకపోతే చల్లగా ఉన్నట్టు.’

మన పొడి ఎండల్లో చెమట కనిపించకపోవడానికి రెండు కారణాలుంటాయి, ఒకటి మామూలుది, ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది. మామూలుది ఏంటంటే పట్టింది పట్టినట్టే ఆరిపోవడం. అప్పుడు జీను తీసి చూస్తే మెడ మీద, జీను పట్టీ కింద తెల్లటి ఉప్పు చారలుంటాయి, కాళ్ళ సందుల్లో నురగ ఎండిన గుర్తులుంటాయి. మా గుర్రం నల్లగోధుమ రంగుది కాబట్టి ముగ్గు గీసినట్టు కనిపిస్తుంది, తెల్లగుర్రం ఉన్నవాళ్ళు వేలితో రుద్ది చూడాలి. రెండోది, కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా, ముట్టుకుంటే కాలుతూ, పని ఆపి అరగంటైనా ముక్కుపుటాలు టపటపా కొట్టుకుంటూ రొప్పుతుంది. దాన్ని చూసి ‘చల్లగా ఉంది’ అనుకుని ఇంకో రౌండు తిప్పారంటే అంతే. రెంటికీ తేడా తెలియాలంటే వేలితో ఉప్పు చూడాలి, థర్మామీటరు పెట్టాలి.

మార్వాడీ, థరోబ్రెడ్ గొడవ మీద ఎక్కువ చెప్పను. మార్వాడీ రాజస్థాన్ గుర్రమే, పొడి వేడికి దాని ఒళ్ళు కాస్త అనువైనదే, కానీ అది ఒంటె కాదు, నీళ్ళు లేకపోతే మిగతావాటిలాగే పడిపోతుంది. థరోబ్రెడ్ చలిదేశపుది అని తేల్చేశారు గానీ, ఆ జాతికి మూలపురుషులుగా లెక్కించే మూడు గుర్రాల్లో రెంటి పేరులోనే ‘అరేబియన్’ అని ఉంది, మూడోదాని పేరులో ‘టర్క్’ అని. హైదరాబాద్ చుట్టుపక్కల క్లబ్బుల్లో మీరెక్కే గుర్రాల్లో చాలావరకు రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లే, మన దేశపు ఫారాల్లో పుట్టినవే. జాతి చూసి ధీమా పడేకంటే అది ఎంత బలిసి ఉంది, ఎన్నాళ్ళుగా పనిలో ఉంది అన్నది చూడటం మేలు.

రౌతు సంగతి ఆ మెసేజ్‌లో లేనే లేదు. వడదెబ్బ తగిలి కళ్ళు తిరిగితే పడేది గుర్రం మీంచి. హెల్మెట్ ఉక్కపోస్తోందని తీసి తలపాగా చుట్టుకునేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు, లోపల తడి రుమాలు వేసుకోండి. వచ్చే ముందు ఓ గ్లాసు ఉప్పేసిన మజ్జిగ తాగి రండి.

చాచా ఇప్పుడు మా దగ్గరే పనిచేస్తున్నాడు. మేము మైదానంలోంచి తిరిగొచ్చేసరికి బకెట్టు గుంజ దగ్గర నింపి పెట్టి ఉంటుంది, అప్పుడు అడ్డం పెట్టిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది ఒక్కోసారి. నిన్న ఈ మెసేజ్ ఆయన ఫోనుకి కూడా వచ్చింది, తెలుగు చదవడం రాదు, నన్ను చదివి వినిపించమన్నాడు. నీళ్ళు ఇవ్వొద్దన్న చోట ‘గలత్ హై’ అని చెయ్యి విసిరాడు. చన్నీళ్ళు పోస్తే గుండె ఆగుతుందన్న చోట మాత్రం ఏమీ అనలేదు. నేను పైపు పట్టుకుంటే ఇప్పటికీ అటు తిరిగి నిలబడతాడు.