అనుమానం పెనుభూతం, ఆప్షన్లు అయిదు

తర్కశాస్త్రంలో 'అనుమానం' అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పూ ఉందనడం. మన వీధుల్లో అనుమానానికి ఇంత దరిద్రం లేదు. పక్కింటి కుర్రాడు వరసగా రెండు రోజులు ఇస్త్రీ చొక్కా వేశాడంటే పెళ్ళిచూపులు అయిపోయినట్టే, కట్నం దగ్గర పేచీ కూడా వచ్చినట్టే. ఇంతటి ప్రతిభ ఉన్న జాతిని ఎంబీయే సీట్ల కోసం రాసే జీమ్యాట్ పరీక్ష వాళ్ళు 45 నిమిషాలకు 23 వెర్బల్ (ఇంగ్లీషు చదివి తర్కించే) ప్రశ్నలిచ్చి, వాటి మధ్య ఈ అనుమానాన్నే ఇన్ఫరెన్స్ అనే పేరుతో దూర్చి అవమానిస్తున్నారు. ఇంతవరకూ ఒక్క ధర్నా అయినా జరక్కపోవడం విచారకరం.

వాళ్ళ షరతు చూడండి: ప్రశ్నలో ఇచ్చిన చిన్న పేరాలో చెప్పినవి నిజమైతే, కింది అయిదు ఆప్షన్లలో ఏది నిజమై తీరాలో అదే పెట్టాలట. 'అయ్యుండొచ్చు' చాలదట. అయ్యుండొచ్చు అన్న మాట తీసేస్తే మనకు సాయంత్రాలు ఎలా గడుస్తాయి?

ఒక టిఫిన్ సెంటర్లో అమ్మేవి ఇడ్లీ, దోసె రెండే అనుకోండి. నిరుడు అమ్మిన ప్లేట్లలో దోసె 10 శాతం, ఈ ఏడు 20 శాతం. ఇడ్లీ ప్లేట్లు మాత్రం తగ్గలేదు. వెంటనే మనకు తట్టేవి: జనానికి ఇడ్లీ మొహం మొత్తింది, దోసె మాస్టర్ మారాడు, ఓనరుకి లాభం పెరిగింది. మూడూ ఆప్షన్లలో ఉంటాయి, ప్రశ్న రాసినాయన మన వీధిలోనే పెరిగినట్టు. జనం మనసు పేరాలో లేదు, మాస్టరూ లేడు. ఖర్చు చెప్పలేదు కాబట్టి లాభమూ తేలదు. 'వచ్చే ఏడు దోసె 30 శాతం దాటుతుంది' అన్న నాలుగోది ఉత్త జాతకం. మిగిలింది కంటికి ఆననిది: 'దోసె ప్లేట్లు రెట్టింపు కంటే ఎక్కువయ్యాయి'. గట్టి మాట కనపడితే కొట్టెయ్యాలని బట్టీపట్టినవాళ్ళు దీన్నే ముందు కొట్టేస్తారు.

కాగితం మీద వేద్దాం. నిరుడు మొత్తం 100: ఇడ్లీ 90, దోసె 10. ఈ ఏడు ఇడ్లీ కనీసం 90, అది మొత్తంలో 80 శాతం. అంటే మొత్తం 112.5కి తగ్గదు, అందులో దోసె 22.5కి తగ్గదు. (ఆ అర ప్లేటు ఎవరు తిన్నారన్నది అవుటాఫ్ స్కోప్.) 'ఇడ్లీ తగ్గలేదు' అన్న వాక్యం తీసెయ్యండి, జవాబు కూలిపోతుంది. మొత్తం అమ్మకాలు సగానికి పడిపోతే 50లో 20 శాతం, మళ్ళీ ఆ పది దోసెలే.

పేరాలో ముగింపు వెతుకుతూ నిమిషం తగలేసేవాళ్ళది మరో విషాదం. చాలాసార్లు అక్కడ వాదనే ఉండదు, సమాచారం మాత్రమే ఉంటుంది. రెండు వాక్యాలు కలిపితే పుట్టేదే జవాబు, అదీ చప్పగా ఉంటుంది. 'కొందరు', 'కనీసం ఒకటి' లాంటి పిరికి మాటలకు రుజువు తేలిక, 'అందరూ', 'మాత్రమే' అని రొమ్ము విరుచుకునేవాటికి పేరాలో అంత గట్టి ఆధారమూ చూపించాలి.

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను కూడా తిరగెయ్యనివ్వరు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే తప్పట. ఎర్రగా కాలిన ఇనప ముద్దలో నిప్పే గానీ పొగ ఉండదని మన తర్క పండితులే ఎప్పుడో సాక్ష్యం చెప్పేశారు. ఇంటి దొంగలు!

ఒక్క విషయంలో మాత్రం జీమ్యాట్ వాళ్ళు మన సంస్కృతిని గౌరవించారు. టైము మిగిలితే సెక్షన్ చివర మూడు జవాబులు మార్చుకోవచ్చు. టిఫిన్ సెంటర్ ప్రశ్న దగ్గరికి తిరిగొచ్చి, సరిగ్గా పెట్టిన దోసెని తీసేసి, మాస్టర్ మారాడని పెట్టి రావడానికి అది బాగా పనికొస్తుంది.